బెంగళూరు ఫ్లాట్‌కి ఏ బల్లి, చెన్నై ఇంటికి ఏ బల్లి?

ఫోన్‌లో బియర్డెడ్ డ్రాగన్ వీడియోలు చూసి మనసు పడ్డారు. షాపుకి వెళితే చిలకపచ్చ రంగులో అరచేతిలో పట్టే ఇగువానా పిల్ల కనిపించింది, పైగా చవక. ఆఫీసులో కొలీగ్ ఏమో "లెపర్డ్ గెక్కో తీసుకో, ఏ టెన్షనూ ఉండదు" అంటున్నాడు. ఇలా మూడింటి మధ్య ఊగుతున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. షాపుల్లో కనిపించే ఇంకో రెండు మూడు జాతుల్ని కూడా కలిపాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: సగం నిర్ణయం మీరుండే ఊరే చేసేస్తుంది. ఏ బల్లికైనా వేడి ఇవ్వడం సులువు, ఒక బల్బు చాలు. చల్లదనం ఇవ్వాలంటేనే ఖర్చు. బెంగళూరులో ఏడాదిలో ఎక్కువ భాగం గది వాతావరణంలోనే హాయిగా ఉండే క్రెస్టెడ్ గెక్కో, చెన్నైలో ఏసీ లేకుండా మే నెల గట్టెక్కడం కష్టం. చెన్నై ఉక్కలో సుఖంగా ఉండే ఇగువానాకి బెంగళూరు డిసెంబరు రాత్రి హీటర్ పెట్టాలి.

## ముందు కాగితాల సంగతి

మన దేశపు బల్లి జాతుల మీద ఆశ పెట్టుకోకండి. ఉడుము, ఊసరవెల్లి, రాజస్థాన్ ఎడారిలో ఉండే ముళ్ళతోక బల్లి, ఈశాన్య రాష్ట్రాల టోకే గెక్కో, ఇవన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నవే. ఉడుములాంటి మొదటి షెడ్యూల్ (చట్టంలో గట్టి రక్షణ ఉన్న జాబితా) జంతువుతో పట్టుబడితే కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠంగా 7 ఏళ్ళు జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. "మా పొలంలో దొరికింది సార్, పాపం అనిపించి తెచ్చుకున్నాను" అంటే ఫారెస్టు వాళ్ళు వినరు.

విదేశీ జాతుల విషయం కొంచెం వేరు. 2022లో చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం సైటీస్ జాబితాల్లో ఉన్న జంతువుల్ని నాలుగో షెడ్యూల్‌లో చేర్చారు. వాటిని ఇంట్లో పెట్టుకుంటే రిజిస్టర్ చేయించాలి. దానికి 2024 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి. తెచ్చుకున్న 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖ పోర్టల్ పరివేష్ 2.0 ద్వారా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి దరఖాస్తు పెట్టాలి. ఆ తర్వాత అది పిల్లల్ని పెట్టినా, చనిపోయినా, మీరు ఇంకొకరికి ఇచ్చినా తెలియజేయాలి. ఈ వ్యాసంలో ఉన్నవాటిలో ఇగువానా, వెయిల్డ్ కెమీలియన్ అనే విదేశీ ఊసరవెల్లి రెండూ సైటీస్ రెండో అనుబంధంలో ఉన్నాయి, కాబట్టి వాటికి ఈ పని తప్పదు. మిగతావాటికి కూడా కొనే ముందు శాస్త్రీయ నామంతో నాలుగో షెడ్యూల్‌లో వెతకండి, ఈ జాబితాలు మారుతూ ఉంటాయి.

బిల్లు తప్పనిసరి. బ్యాంకాక్ నుంచి వచ్చే విమానాల్లో, సూట్‌కేసుల అడుగున సాక్సుల్లోనూ డబ్బాల్లోనూ కుక్కి తెచ్చిన బల్లులు చెన్నై, బెంగళూరు ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడ్డ వార్తలు మీరూ చదివే ఉంటారు. పట్టుబడనివి ఎక్కడికి చేరతాయో ఊహించడం కష్టం కాదు. ఎక్కడ పుట్టిందో చెప్పలేని అమ్మకందారు దగ్గర, ఎంత చవకైనా సరే, కొనకండి.

## దేన్ని బట్టి తేల్చుకోవాలి

వేడి, తేమ మొదటివి. బల్లి తన ఒంటి వేడిని తానే తయారు చేసుకోలేదు. ట్యాంకులో ఒక మూల వేడిగా, ఇంకో మూల చల్లగా ఉంటే అటూ ఇటూ తిరిగి సర్దుకుంటుంది. మే నెల మధ్యాహ్నం చెన్నై పెరంబూరులో మేడ మీద గది 35 డిగ్రీలుంటే, ఆ ట్యాంకులో "చల్లటి మూల" అనేదే ఉండదు. అందుకే కేర్ షీటులో (పెంపకం సూచనల్లో) రాసిన వేడి మూల అంకె కంటే చల్లటి మూల అంకెని ఎక్కువ చూడండి.

రెండోది వెలుగు. పగలు తిరిగే జాతులకు యూవీబీ కిరణాలు కావాలి. అవి లేకపోతే ఒంట్లో డీ3 విటమిన్ తయారవదు, తిన్న కాల్షియం ఎముకకి పట్టదు. దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వంకర పోతాయి, నడుస్తుంటే వణుకుతుంది. "కిటికీ పక్కన ఎండ బాగా వస్తుంది కదా" అంటారు. మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. అద్దంలోంచి వచ్చేది వేడి మాత్రమే, దానితో గాజు ట్యాంకు కాసేపట్లో కాగిపోతుంది. ఇంకో సంగతి, యూవీబీ ట్యూబు వెలుగుతూనే ఉన్నా ఆరు నెలల నుంచి ఏడాదిలో దాని యూవీబీ తగ్గిపోతుంది. కంటికి తేడా తెలియదు. కొన్న తేదీని ట్యూబు మీదే మార్కర్‌తో రాసిపెట్టుకోండి.

కరెంటు లెక్క కూడా చూసుకోండి. 75 వాట్ల వేడి బల్బు రోజుకు 12 గంటలు వెలిగితే నెలకు 27 యూనిట్లు. 24 వాట్ల యూవీబీ ట్యూబు ఇంకో 8, 9 యూనిట్లు. బెంగళూరులో, నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు తెచ్చుకుంటున్న ఇల్లయితే, ఈ 35 యూనిట్లతో 200 దాటి మొత్తం బిల్లు మీద పడొచ్చు.

ఇక తిండి. పురుగుల్ని పెంచడానికి మీ ఇంట్లో ఒప్పుకుంటారా? ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పురుగుల డబ్బా చూసి అత్తగారు ఏమంటారో ముందే తేల్చుకోవాలి. పంచాంగంలో బల్లి పడితే ఏ ఫలితమో చూసుకునే ఇళ్ళు మనవి. కంచి వరదరాజస్వామి గుళ్ళో బంగారు బల్లిని తాకి రావడం వేరు, హాల్లో బల్లిని పెట్టుకోవడం వేరు అంటారు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది కానీ, రోజూ పోట్లాట అయితే చివరికి నష్టపోయేది ఆ జీవే.

ఇంట్లో అయిదేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు, బాగా పెద్దవాళ్ళు ఉంటే ఏ జాతి అయినా కొన్నాళ్ళు ఆగమంటాను. ఆరోగ్యంగా కనిపించే బల్లి మలంలో కూడా జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, నీళ్ళ గిన్నెను వంటింటి సింకులో తోమకూడదు. రెండేళ్ళ పాపతో ఈ నియమం నడవదు.

## లెపర్డ్ గెక్కో

అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ ప్రాంతాల రాతి నేలల జీవి. దాని దగ్గరి చుట్టం ఒకటి మన తూర్పు కనుమల్లోనూ ఉంది, కాబట్టి అడవిలో పట్టింది కాదు, బ్రీడర్ దగ్గర పుట్టింది అని బిల్లులో రాయించుకోవడం మరీ ముఖ్యం. 20 నుంచి 25 సెంటీమీటర్లు పెరుగుతుంది, మంచిగా చూస్తే 15 నుంచి 20 ఏళ్ళు బతుకుతుంది. మన ఇంటి గోడ బల్లిలా దీని వేళ్ళకి అంటుకునే మెత్తలు లేవు, అద్దం ఎక్కలేదు. కనురెప్పలు ఉన్నాయి, కళ్ళు మూసుకుని పడుకుంటుంది. తోకలో కొవ్వు దాచుకుంటుంది.

ఒక మూల నేల 31 నుంచి 33 డిగ్రీలు, రెండో మూల 25 దగ్గర ఉంటే చాలు. బెంగళూరులో చలికాలం రాత్రి థర్మోస్టాట్ పెట్టిన హీట్ మ్యాటు సరిపోతుంది. చెన్నైలో ఏప్రిల్ నుంచి జూన్ వరకు దానికి హీటింగే అక్కర్లేదు, ట్యాంకును ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో నేలకి దగ్గరగా పెట్టాలి. తక్కువ యూవీబీ పెడితే మంచిదే, కానీ బియర్డెడ్ డ్రాగన్‌కి కావలసినంత అవసరం లేదు.

కుబుసం విడిచే రోజు దీన్ని దగ్గరగా చూడాలి. ముందు ఒళ్ళంతా పాలిపోయి తెల్లగా అవుతుంది. ముక్కు రాయికి రుద్ది చర్మం చీల్చుకుంటుంది, చొక్కా విప్పినట్టు వెనక్కి లాగి, ఆ ముక్కను నోటితో పట్టి తినేస్తుంది. అరగంటలో పని అయిపోతుంది. అప్పుడు మీరు చూడాల్సింది వేళ్ళు. వేలి చివర తెల్లటి ఉంగరంలా పాత చర్మం ముక్క మిగిలిపోతే అది ఎండి బిగుసుకుంటుంది, రక్తం ఆగి వేలు రాలిపోతుంది. తడి టిష్యూ పెట్టిన మూత డబ్బా ఒకటి, పక్కన చిన్న కన్నంతో, ఎప్పుడూ ట్యాంకులో ఉంచితే ఈ బాధ చాలావరకు ఉండదు. చెన్నై తేమ ఈ ఒక్క విషయంలో కలిసొస్తుంది.

నేల మీద ఇసుక పోయకండి, మింగితే పేగుల్లో అడ్డు పడుతుంది. టైల్ ముక్కలు బాగుంటాయి. పూర్తిగా పురుగులు తినే జీవి ఇది, ఆకుకూర ముట్టదు. కాల్షియం పొడి అద్దిన మీల్‌వర్ములు, కీచురాళ్ళు, డూబియా బొద్దింకలు పెద్దదానికి రెండు మూడు రోజులకోసారి పెట్టాలి. కీచురాళ్ళు రాత్రంతా అరుస్తాయి, పీజీలో రూమ్మేట్ ఉంటే డూబియాలే మేలు.

## బియర్డెడ్ డ్రాగన్

మనిషికి అన్నిటికంటే త్వరగా మచ్చికయ్యేది ఇదే. ఆస్ట్రేలియా ఎండు నేలల జీవి, చూడటానికి మన తొండకి పెద్దన్న. భుజం మీద కూర్చుంటుంది, ఇంకో డ్రాగన్ ఎదురైతే ముందు కాలు ఎత్తి మెల్లగా ఊపుతుంది. 45 నుంచి 60 సెంటీమీటర్లు, పది పన్నెండేళ్ళ ఆయుష్షు. పిల్లగా ఉన్నప్పుడు పురుగులు ఎక్కువ, పెద్దయ్యాక ఆకులే ఎక్కువ: మునగాకు, మందార పూలు, గుమ్మడి తురుము. పాలకూర తగ్గించండి, అందులోని ఆక్సలేటు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు.

కావలసిన సరంజామా పెద్దది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ట్యాంకు, వేడి మూలలో 38 నుంచి 42 డిగ్రీలు, బలమైన యూవీబీ ట్యూబు. తేమ మాత్రం తక్కువ ఉండాలి, 30, 40 శాతం. బెంగళూరులో ఫిబ్రవరి, మార్చి నెలలు దీనికి చక్కగా సరిపోతాయి. వానాకాలం ఓపిక పట్టాలి.

చెన్నైలో ఇదే చిక్కు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల్లో గోడలే చెమ్మగిల్లే ఊరు. ఆ తేమలో ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ వస్తుంది, నోరు తెరిచి శ్వాస తీసుకోవడం, ముక్కు దగ్గర బుడగలు దాని గుర్తులు. ఏసీని డ్రై మోడ్‌లో రోజూ నడపగలిగితే పెంచొచ్చు. దానికి తోడు 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానప్పటిలా రోజుల తరబడి కరెంటు పోతే, వేడి బల్బు ఆరిపోయిన డ్రాగన్‌కి తిన్నది అరగదు. లెపర్డ్ గెక్కో ఆ నాలుగు రోజులు ఏమీ తినకుండా ముడుచుకుని పడుకుని లేస్తుంది.

ఐటీ వాళ్ళు ఆలోచించాల్సింది ఇంకొకటుంది. ఇది పగటి జీవి. మీరు వైట్‌ఫీల్డ్ ట్రాఫిక్ దాటి రాత్రి ఎనిమిదిన్నరకి ఇల్లు చేరేసరికి అది నిద్రపోయి ఉంటుంది. వారంలో అయిదు రోజులు నిద్రపోతున్న డ్రాగన్‌నే చూస్తారు. సాయంత్రం చీకటి పడ్డాక నిద్రలేచే గెక్కోలు మీ షిఫ్టుకి బాగా కుదురుతాయి.

## ఇగువానా

సూటిగా చెప్తాను: ఫ్లాట్‌లో వద్దు. షాపులో చూసిన పిల్ల మూడేళ్ళలో తోకతో కలిపి నాలుగు, అయిదు అడుగులు అవుతుంది, పెద్ద మగవి ఆరడుగుల దాకా పెరుగుతాయి. ఆయుష్షు 15 నుంచి 20 ఏళ్ళు. దానికి ఆరడుగుల ఎత్తున్న గూడు కావాలి, అంటే ఒక చిన్న గది. జత కట్టే కాలంలో మగది యజమానినే శత్రువుగా చూస్తుంది. తోకతో కొడితే వాత తేలుతుంది, కరిస్తే కుట్లు పడతాయి.

వాతావరణం, తిండి విషయంలో మాత్రం చెన్నైకి దీన్ని మించింది లేదు. వేడి, తేమ రెండూ ఇష్టం, పూర్తి శాకాహారి. మునగచెట్టు, మందార చెట్టు ఉన్న పెరటి ఇల్లు మీకుండి, ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉండి, రిజిస్ట్రేషన్ పని చేయించుకునే ఓపిక ఉంటే అప్పుడు ఆలోచించండి. ముందు గిండీ స్నేక్ పార్కుకో, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద వడనెమ్మేలిలోని క్రొకడైల్ బ్యాంకుకో వెళ్ళి, పెద్ద బల్లి జాతులకు ఎంత ఆవరణ ఇస్తారో చూసి రండి. ఆ ఆవరణను మీ బాల్కనీతో పోల్చుకుంటే చాలా మందికి జవాబు అక్కడే దొరుకుతుంది.

పెంచలేక చెరువు గట్టున వదిలేద్దామనుకోవద్దు. ఫ్లోరిడాలో, ప్యూర్టోరికోలో ఇలా బయటపడ్డ ఇగువానాలే ఇప్పుడు వేలాదిగా పెరిగి తోటల్ని, కాలవ గట్లని పాడు చేస్తున్నాయి.

## క్రెస్టెడ్ గెక్కో

న్యూ కాలెడోనియా దీవుల జీవి. అంతరించిపోయిందనుకుంటే 1994లో మళ్ళీ కనిపించింది. కళ్ళ మీద వెంట్రుకల్లాంటి ముళ్ళు, అరచేయంత ఒళ్ళు. 22 నుంచి 26 డిగ్రీల వేడి, 60 నుంచి 80 శాతం తేమ దీనికి చాలు. చదువుతుంటే బెంగళూరు జూలై నెల వాతావరణ సూచనలా లేదూ? 28 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. బెంగళూరులో కూడా ఏప్రిల్‌లో జాగ్రత్త పడాలి, 2016 ఏప్రిల్‌లో అక్కడ 39.2 డిగ్రీలు నమోదయ్యాయి. చెన్నైలో అయితే రాత్రీ పగలూ ఏసీ ఉన్న గదిలోనే.

పురుగులంటే పడని ఇళ్ళకి ఇది పెద్ద ఊరట. పండ్ల గుజ్జు, ప్రొటీను కలిపి తయారు చేసిన పొడి దొరుకుతుంది, నీళ్ళలో కలిపి చిన్న మూతలో పెడితే నాకుతుంది. ఆ పొడి మన దేశంలో అన్ని చోట్లా దొరకదు, స్టాకు అయిపోయాక వెతుక్కోకుండా ముందే తెప్పించుకోండి. భయపడితే తోక వదిలేస్తుంది, లెపర్డ్ గెక్కోకి మళ్ళీ మొలుస్తుంది గానీ దీనికి మొలవదు. ఎగిరి దూకే అలవాటు ఉంది, చిన్న పిల్లల చేతికి ఇవ్వకండి.

## మిగిలిన రెండు

వెయిల్డ్ కెమీలియన్ చూడటానికి బాగుంటుంది, అంతవరకే. గిన్నెలో నీళ్ళు తాగదు, ఆకుల మీద జారే చుక్కల్నే తాగుతుంది. ముట్టుకుంటే ఒత్తిడికి గురవుతుంది. మొదటి బల్లిగా వద్దు.

బ్లూ టంగ్ స్కింక్ మన నలికిరి వంశం, లావుగా నెమ్మదిగా ఉంటుంది. ఆకులు, గుడ్డు, పురుగులు అన్నీ తింటుంది, చేతిలో బాగా ఉంటుంది. ఇండోనేషియా రకాలు తేమ కోరుకుంటాయి కాబట్టి చెన్నైకి డ్రాగన్ కంటే నయం. దొరకడం అరుదు, ధర ఎక్కువ, మూలం అడగాల్సిన అవసరం ఇంకా ఎక్కువ.

| జాతి | పొడవు | ఆయుష్షు | తిండి | బెంగళూరు | చెన్నై |
|---|---|---|---|---|---|
| లెపర్డ్ గెక్కో | 20–25 సెం.మీ. | 15–20 ఏళ్ళు | పురుగులు | బాగుంటుంది | చల్లటి గది ఉంటే బాగుంటుంది |
| బియర్డెడ్ డ్రాగన్ | 45–60 సెం.మీ. | 10–12 ఏళ్ళు | ఆకులు, పురుగులు | బాగుంటుంది | వానల్లో తేమ సమస్య |
| ఇగువానా | 5–6 అడుగులు | 15–20 ఏళ్ళు | ఆకులు | రాత్రి హీటర్ కావాలి | పెరటి ఇంట్లోనే |
| క్రెస్టెడ్ గెక్కో | 20 సెం.మీ. | 15–20 ఏళ్ళు | పొడి తిండి | అన్నిటికంటే అనువు | ఏసీ లేకుండా వద్దు |
| వెయిల్డ్ కెమీలియన్ | 35–60 సెం.మీ. | 5–8 ఏళ్ళు | పురుగులు | అనుభవం ఉంటేనే | అనుభవం ఉంటేనే |

## నేనైతే ఏది చెప్తాను

బెంగళూరు మారతహళ్ళిలోనో బీటీఎంలోనో ఒంటరిగా ఉంటూ సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళకి పెద్ద వయసు లెపర్డ్ గెక్కో. వెళ్ళే ముందు కడుపు నిండా పెట్టి, నీళ్ళు మార్చి, రెండు రోజులకోసారి తొంగి చూసే మనిషిని పెట్టుకుంటే వారం గడిచిపోతుంది. ఎనిమిది, పదేళ్ళ పిల్లలు "నేను పట్టుకుంటాను" అని గొడవ చేసే బెంగళూరు ఇంటికి డ్రాగన్, అయితే ఆకులు తరిగేది పిల్లలు కాదు, మీరే. పురుగులు ఇంట్లోకి రానివ్వని బెంగళూరు ఇంటికి క్రెస్టెడ్. చెన్నైలో మొదటిసారి పెంచేవాళ్ళకి లెపర్డ్ గెక్కో తప్ప ఇంకోటి చెప్పను. ఒకే ట్యాంకులో రెండు పెట్టి "తోడుగా ఉంటాయి" అనుకోవద్దు, ముఖ్యంగా రెండు మగవాటిని. కొట్టుకుంటాయి.

డబ్బు కట్టే ముందు డాక్టర్ని వెతకండి. వీధి చివర క్లినిక్‌లో కుక్కల్ని, పిల్లుల్ని మాత్రమే చూస్తారు. బెంగళూరులో హెబ్బాళ వెటర్నరీ కాలేజీలో, చెన్నైలో వేపేరి మద్రాస్ వెటర్నరీ కాలేజీలో సరీసృపాలు చూసే డాక్టరు ఎవరో, ఏ రోజుల్లో ఉంటారో వెళ్ళి కనుక్కోండి.

షాపులో బల్లిని మీ కళ్ళ ముందు తినిపించమనండి. తినకపోతే వెనక్కి వచ్చేయండి. తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయా, తోక సన్నబడిందా, కళ్ళు లోపలికి పోయాయా, వేళ్ళన్నీ ఉన్నాయా, మలద్వారం దగ్గర ఎండిన మరకలున్నాయా చూడండి. దవడ కింద వేలితో మెల్లగా నొక్కితే గట్టిగా తగలాలి.

ట్యాంకు మాత్రం బల్లి కంటే వారం ముందే రావాలి. రెండు మూలల్లో రెండు థర్మామీటర్లు పెట్టి ఖాళీగానే నడపండి, మధ్యాహ్నం రెండింటికి, తెల్లవారుజామున అంకెలు రాసుకోండి. చెన్నైలో జనవరి, ఫిబ్రవరిలో తెచ్చుకుంటే ఎండలు ముదిరేలోపు కొత్త చోటుకి అలవాటు పడుతుంది. ఏప్రిల్‌లో మనసు పడితే మాత్రం, ఆ ఖాళీ ట్యాంకును మే నెలంతా నడిపి చూసి, జూలైలో కొనండి.